అమీర్‌పేట జావా పాఠం

హైదరాబాద్ శివారు బొల్లారం అంటే మందుల ఫ్యాక్టరీలు. సాఫ్ట్‌వేర్ కోర్సుకు మాత్రం ఈ పారిశ్రామికవాడ పిల్లలు కూడా అమీర్‌పేట దారి పట్టేవారు.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావా ప్రోగ్రామింగ్ భాషను విడుదల చేసింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ఐటీ భవనం మొదలైంది. ఆ ఊపులో అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. గోడల నిండా ఫ్లెక్సీలు, జిరాక్స్ నోట్సు, కిక్కిరిసిన గదులు. పాఠాలేమో కోర్ జావా, సర్వ్‌లెట్లు, ఆపైన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్.

2013లో డాకర్, 2014లో స్ప్రింగ్ బూట్, కుబర్నెటిస్ అనే సాధనాలు వచ్చాక పాఠమే మారింది. అంతకుముందు మొత్తం అప్లికేషన్ ఒకే వార్ ఫైలు. టామ్‌క్యాట్ సర్వర్‌లో పెడితే సరి. ఇప్పుడు లాగిన్, ఆర్డరు, చెల్లింపు దేనికది విడి సర్వీసు. ఒక్కోదాన్ని కంటైనర్‌లో పెట్టి క్లౌడ్‌కు ఎక్కించాలి. ఒకటి పడిపోయినా మిగతావి నడిచేలా రాయడమే అసలు పనితనం.

2017లో మియాపూర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో వచ్చి క్లాసులకు వెళ్లే దారి తేలికైంది. కానీ 2020లో కరోనాతో క్లాసులు ఆన్‌లైన్ అయ్యాయి. పక్కవాడి స్క్రీన్ మీద ఎర్రర్ చూసి నేర్చుకునే వీలు పోవడం చిన్న నష్టమేమీ కాదు.