కుర్చీ ఉంది, ఓటు లేదు

దువ్వూరులో చదువుకునే రోజుల్లో 'జిల్లా పరిషత్' అంటే మా బడి ఇంటిపేరనుకునేదాన్ని. పరిశోధనలో పడ్డాక ఆ ఇంటిపేరు వంశవృక్షం వెతికాను. 1882లో రిప్పన్ తీర్మానం, 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం. ఆ చట్టం కింద మన కడప జిల్లాకూ జిల్లా బోర్డు, తాలూకా బోర్డులు వచ్చాయి. భూమి మీద రూపాయికి అణాకు మించకుండా సెస్సు వేసి రోడ్లు, బళ్లు, ఆసుపత్రులు చూసుకునేవి. మొదట్లో అధ్యక్షుడు కలెక్టరే. సెస్సు కట్టిన చేలల్లో కలుపు తీసిన ఆడవాళ్ల ఊసు ఆ బోర్డుల్లో ఎక్కడ?

మరి మనకు ఈ పద్ధతి నేర్పినవాళ్ల ఇంట్లో? ఇంగ్లండులో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఎవరూ ఎన్నుకోని మేజిస్ట్రేట్లు నడిపిన ఆ పాలనను 1888 చట్టం ఎన్నికైన కౌన్సిళ్ల చేతికిచ్చింది. పన్ను కట్టే ఒంటరి స్త్రీలకు, వితంతువులకు ఓటుండేది. పోటీ సంగతి చట్టం తేల్చి చెప్పలేదు. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్‌కు లేడీ శాండ్‌హర్స్ట్, జేన్ కాబ్డెన్ గెలిచారు. ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కి శాండ్‌హర్స్ట్ స్థానం లాక్కున్నాడు. కాబ్డెన్ మీద గడువులోగా ఎవరూ దావా వేయలేదు గనక ఆమె సభ్యురాలిగానే మిగిలింది. అయితే సభలో ఓటేసినందుకు జరిమానా పడింది. చట్టం తాత్పర్యం ఏమిటంటే, కూర్చోవచ్చు, పని చేయకూడదు!

1870 నుంచీ స్త్రీలు గెలిచి పనిచేస్తున్న స్కూలు బోర్డులను 1902లో రద్దుచేసి బళ్లను ఈ కౌన్సిళ్లకే అప్పగించారు. విద్యాకమిటీలోకి మాత్రం స్త్రీలను పిలిచి చేర్చుకోవచ్చన్నారు. కౌంటీ కౌన్సిల్‌కు ఎన్నికయ్యే హక్కు 1907లో గానీ రాలేదు.

'పిలిచి చేర్చుకోవడం' అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ పంచాయతీ సమితుల్లోకి ఇద్దరు స్త్రీలను తీసుకోవాలన్నదీ ఆ దారినే, ఎన్నికతో కాదు. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక కూడా మనం గెలిచి వెళ్లే చోటు కోసం చాలాకాలం ఆగాల్సి వచ్చింది. 73వ సవరణ తర్వాత, 1994 చట్టంతో మూడోవంతు స్థానాలు, 2011లో సగం. ఇది చిన్న విజయం కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే మేధావులతో నాకు పేచీ ఉంది.

పేచీ పడి ఊరికొచ్చిన ఒక సెలవుల్లో, మండల సభ్యురాలిగా గెలిచిన మా అత్తను అడిగాను, "మీటింగులో ఏం మాట్లాడినావత్తా?" అని.

"నేనేం మాట్లాడతా పాపా? మీ మామ చూపిచ్చినకాడ సంతకం పెట్టొచ్చినా" అంది. కాసేపాగి, "మన వీధి కొళాయి సంగతి అడగాలనుకున్న్యా. ఈతూరి అడగనా?" అంది.

కాబ్డెన్ కథ ఆమెకు చెప్పాను. పూర్తిగా విని, "జరిమానా ఎంతేసినారు?" అంది.