మెతుకు సీమలో నూరేళ్ళ చర్చి

మెదక్‌కి ఆ పేరు మెతుకు నుంచి వచ్చిందంటారు. మెతుకు దుర్గం, మెతుకు సీమ అని పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు. డిగ్రీలో తెలుగు చదివిన పుణ్యానికి ఇలాంటి మాటల వెంట పడడం నాకు అలవాటైపోయింది. కానీ ఆ ఊళ్ళో చర్చి ఎలా లేచిందో తెలిశాక, ఆ పేరు ఊరికి కాదు, చర్చికే పెట్టాల్సిందనిపించింది.

2024 డిసెంబర్ 25కి ఆ చర్చికి సరిగ్గా నూరేళ్ళు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ రోజు వెళ్ళారు, మీరూ టీవీలో చూసే ఉంటారు. మా ఆదిలాబాద్ నుంచి నిర్మల్, ఆర్మూర్, కామారెడ్డి దాటి రామాయంపేట దగ్గర పక్కకి తిరిగితే మెదక్. రెండు వందల కిలోమీటర్లకు పైనే. అంత దూరమైనా ఇక్కడి క్రైస్తవులకు అది పరాయి గుడి కాదు. మా జిల్లా సి.ఎస్.ఐ. చర్చిలు మెదక్ డయాసిస్‌లోవే. డయాసిస్ అంటే ఒక బిషప్ చూసుకునే ప్రాంతం, అందులో పెద్దగుడి ఇది. మా వీధిలో ఒక అక్క క్రిస్మస్ దగ్గర పడుతుంటే "గుడికి పోతున్నం" అంటే, ఏ గుడికి అని అడగనక్కర్లేదు.

కట్టించినాయన చార్లెస్ వాకర్ పాస్నెట్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు ఫాదరీ. 1914లో పని మొదలైంది. అవి కరువు రోజులు, అటు యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం. తిండి లేక వలస పోతున్న చుట్టుపక్కల ఊళ్ళ జనానికి ఊరికే పెట్టకుండా, పని చెప్పి తిండి పెట్టారని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకునే మాట. మన భాషలో కరువు పని. పదేళ్ళకి, 1924 క్రిస్మస్ నాడు చర్చి ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు, లోపల ఐదు వేల మంది కూర్చోవచ్చు. అద్దాల కిటికీల మీద యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చిత్రాలుంటాయి. బయటి వెలుగు పడితేనే అవి కనబడతాయి కాబట్టి చూడాలంటే పగటిపూటే వెళ్ళండి. గోపురం చార్మినార్ కంటే ఎత్తని నిజాం సర్కారుకి కోపం వచ్చిందనే కథ కూడా చెబుతారు. నాకు అందులో పెద్ద ఆసక్తి లేదు.

నా ఆసక్తి రాళ్ళు మోసినవాళ్ళ మీద. మన దగ్గర ఏ కట్టడమైనా చూడండి, మగవాళ్ళు రాయి చెక్కితే తట్ట ఆడవాళ్ళ నెత్తి మీదే ఉంటుంది. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో మాల, మాదిగ ఆడవాళ్ళకి దొర గడీలో వెట్టి తెలుసు. పొద్దంతా చేసినా చేతికి ఏమీ రాదు. అలాంటిచోట పని చేస్తే పొద్దుగూకే సరికి ఇంట్లో పొయ్యి వెలుగుతుందంటే అది చిన్న సంగతి కాదు. ఆకలి తీర్చి మతం మార్చారు కదా అనే మాట ఎప్పటినుంచో ఉంది, మా ఇంట్లోనే అన్నవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే, కాదనను. అయితే అదే ఊళ్ళో వాళ్ళని గుడి మెట్ల దగ్గరే ఆపేసిందెవరో కూడా కలిపి అడగాలి కదా. పిల్లలకి గంజి కాచి పోయాల్సిన తల్లికి ఆ రోజు ఎంచుకోవడానికి ఇంకేముంది?

దీనికి జంటగా చెప్పాల్సింది డోర్నకల్. మెదక్ మెథడిస్టులు కట్టింది, డోర్నకల్ అచ్చంగా ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ రాజు చర్చి. విచిత్రమేమిటంటే అక్కడి బిషప్ ఇంగ్లీషువాడు కాదు. తిరునెల్వేలి దగ్గరి పల్లెలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1912లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. తమిళుడు, మనకోసం తెలుగు నేర్చుకున్నారు. దళితుల మతమార్పిడుల మీద 1930లలో గాంధీగారికీ ఆయనకీ గట్టిగానే మాట పట్టింపు వచ్చింది. ఆయన కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. చూస్తే పైన మసీదు గుమ్మటాలు, లోపల మన గుడి మండపం స్తంభాలు!

డోర్నకల్‌లో నాకు నచ్చింది ఇంకొకటి. అక్కడి సంఘాల్లో ఆడవాళ్ళు వంటకి బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే పెట్టేవాళ్ళు. కుండలో పడాల్సిన పిడికెడు అది. అలా పోగైన బియ్యం సంఘం ఖర్చులకి పోయేది. ఇంట్లో ఆరుగురు తినేచోట ఐదుగురికి సరిపోయేంతే ఉన్నప్పుడు ఆ పిడికెడు ఎవరి కంచంలోంచి తగ్గుతుందో మనకి చెప్పాలా? అది తీసిపెట్టమని బిషప్ చెప్పగలడు, తీయాల్సింది మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్నామె. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ ఆడవాళ్ళ మధ్యే పని చేశారు. ఆవిడ గురించి రాసినవాళ్ళు తక్కువ. మెదక్‌లో పాస్నెట్ తోబుట్టువు ఎమిలీ సంగతీ అంతే, అన్నీ పాస్నెట్ పేరు కిందికే చేరిపోయాయి. తట్ట మోసినవాళ్ళ పేర్లయితే ఏ శిలాఫలకం మీద వెతుకుతాం?

1947లో, స్వాతంత్ర్యం వచ్చిన నెల తర్వాత, సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి సి.ఎస్.ఐ. అయ్యారు. మెదక్, డోర్నకల్ ఒకే కుటుంబమయ్యాయి. 1978లో డోర్నకల్ నుంచి విడిపోయి కరీంనగర్ డయాసిస్ ఏర్పడింది. అలా మన ఉత్తర తెలంగాణలో ఆదిలాబాద్‌ది మెదక్ పుట్టిల్లు, కరీంనగర్‌ది డోర్నకల్ పుట్టిల్లు.

ఇప్పుడు మెదక్ చర్చికి క్రిస్మస్ రోజున అన్ని మతాలవాళ్ళూ వెళతారు, బొట్టు పెట్టుకున్నవాళ్ళు, బురఖా వేసుకున్నవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకుని. ఇక మా అక్కవాళ్ళ చర్చిలో కోతల పండుగనాడు ఇంట్లో పండిందేదైనా తీసుకుపోయి ముందు పెడతారు. జొన్నలు, గుమ్మడికాయలు, కోడిపుంజు కూడా. ఆరాధన అయ్యాక వేలం. పోయినసారి నేను ఒక గుమ్మడికాయ పాడుకున్నాను, బజారు ధర కంటే రెట్టింపు పెట్టి.