పేరున్న పానీయం, పేరులేని పానీయం

మూసీనది ఉత్తరపు గట్టున ఉన్న అఫ్జల్‌గంజ్ పుట్టుకతోనే ఒక బజారు. 1857 నుండి 1869 వరకు హైదరాబాదును పాలించిన అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరు దానికి నిలిచినది. గంజ్ అంటే ధాన్యపు అంగడి. ధాన్యం కొనవచ్చిన వర్తకుడు బస్తాలోనుండి పిడికెడు గింజలు తీసి, అరచేతిలో పోసి చూచి, వాసన పట్టి, రెండు గింజలు పంటికింద నలిపి, అటు తరువాతనే ధర పలుకుతాడు. కన్ను, ముక్కు, నాలుక అనే మూడు త్రాసులు లేనిదే బజారు లేదు. అయితే ఇదే నగరానికి శతాబ్దాల తరబడి వచ్చిన సరుకు మరొకటి ఉన్నది. అది కల్లు. దానిని పరీక్షించి, విలువ కట్టినవారెవరు? ఆ పరీక్ష ఎందుకు అవసరమైనది? నేటి మన ప్రసంగ విషయం ఇదే. త్రాగుమని చెప్పుట మా ఉద్దేశం కాదు. మానుమని ధర్మపన్నాలు చెప్పుట అంతకన్నా కాదు. రుచిని గుర్తుపట్టే జ్ఞానానికి కూడా ఒక చరిత్ర ఉన్నదనీ, ఆ జ్ఞానం నశించిన చోట ప్రాణాలు పోయినవనీ చెప్పదలచినాము.

మద్యాన్ని రుచి చూచి గుణదోషాలు నిర్ణయించుట అనగానే మనకు ఐరోపా ఖండం తలపునకు వస్తుంది. 1855లో పారిసు నగరంలో జరిగిన మహాప్రదర్శన కొరకు బోర్డో ప్రాంతపు ద్రాక్షాసవాలను తరగతులుగా విభజించినారు. ఆ పట్టిక స్వల్పమైన మార్పులతో నేటికీ చెలామణిలో ఉన్నది. ఏ తోట, ఏ యేడు, ఏ నేల అని అడిగి త్రాగే రసికులు దేశదేశాల్లో ఉన్నారు. ఇది పాశ్చాత్యుల విద్యయే అనుకొనుట మాత్రం పొరపాటు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులను చెప్పే అధ్యాయం ఒకటి కలదు. అందులో మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని మద్యభేదాలు లెక్కించబడినవి. వీనిలో మధువు అంటే ద్రాక్షారసం. అది పుట్టిన దేశాన్నిబట్టి దానికి కాపిశాయనమనీ, హారహూరకమనీ పేర్లు. నేటి రసికుడు సీసామీద ఊరిపేరు వెదకినట్లే, ఆనాటి రసికుడూ దేశం పేరు అడిగినాడన్నమాట. సుశ్రుతసంహిత మరొక మెట్టు పైకి పోయి ద్రాక్షతో చేసిన మార్ద్వీకానికీ, ఖర్జూరంతో చేసిన ఖార్జూరానికీ వేరువేరుగా గుణాలు నిర్ణయించినది. వైద్యునికి రుచి విలాసం కాదు, అది రోగనిర్ణయంలో ఒక సాధనం.

కాని అర్థశాస్త్రంలోని అదే అధ్యాయంలో మరొక మాట ఉన్నది. అది మన మనస్సును గుచ్చక మానదు. చెడిపోయిన సురను మరొకచోట అమ్మించవలెను. లేదా దాసులకూ, కర్మకరులకూ కూలిక్రింద ఇవ్వవలెను. లేదా పశువులకు త్రాపవలెను, పందులకు పోయవలెను. మంచి మధువుకు దేశం పేరున్నది. చెడిన సురకు పేరు లేదు, అది కష్టజీవి పాలు. మన కథ అంతా ఈ రెండు వాక్యాల నడుమనే నడుస్తుంది.

ఇక గోల్కొండకు వద్దాము. 17వ శతాబ్దపు నడుమ పలుమార్లు ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే తన యాత్రాగ్రంథాన్ని 1676లో ప్రకటించినాడు. భాగ్యనగరపు సాయంకాలాన్ని వర్ణిస్తూ, అయిదారు కోసుల దూరంనుండి తోలుతిత్తుల్లో కల్లు వచ్చేదనీ, ఒక్కొక్క గుర్రంమీద అటొకటి ఇటొకటి తిత్తి వ్రేలాడేదనీ, ప్రతిదినం అయిదారువందల గుర్రాలు వడివడిగా నగరం ప్రవేశించేవనీ, రాజుకు దానిమీద పన్ను బాగుగా ముట్టేదనీ వ్రాసినాడు. గుర్రాలకు అంత వడి ఎందుకో ఊహించుట కష్టం కాదు. కల్లు గడియ గడియకూ మారిపోయే పానీయం. అదే కాలంలో షిరాజు ద్రాక్షాసవం సీసాల్లో, పెట్టెల్లో ఓడలెక్కి మన దేశానికి వచ్చేది. షిరాజు అన్న ఊరిపేరే దానికి మర్యాద. తిత్తిలోని కల్లుకో, పన్నులెక్కలో ఉన్న చోటు పానీయాల ప్రశస్తిలో లేదు.

అంతమాత్రాన కల్లుకు రుచినెరిగినవారు లేరని కాదు. ఉన్నారు, వారు వ్రాయలేదు, అంతే. హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఎంత ప్రసిద్ధమైనా, అది ముఖ్యంగా తినే పండు. తెలుగునాట పల్లెప్రజల మధువు చెట్టుమీదనే పుట్టినది. గౌడుల నోట వినండి: తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాటిలో మగచెట్టు గెలనుండి వచ్చేది పోతుతాటి కల్లు. పండ్లు కాచే ఆడచెట్టుది పండుతాటి కల్లు. పొద్దటి కల్లు ఒక రుచి, మాపటి కల్లు మరొక రుచి. తీపి ఎంత, పులుపు ఎంత, వగరు ఎంత, ఘాటు ఎంత అని రేకలో పోసుకొన్న మొదటి గ్రుక్కలోనే చెప్పగలవారు పల్లెకు పదిమంది ఉండేవారు. తోట, నేల, యేడు అని బోర్డోలో అడిగే ప్రశ్నలే ఇక్కడ చెట్టు, కారు, పూట అయినవి.

ఈ భేదాలు కల్పనలు కావు. శాస్త్రం వీనిని సమర్థిస్తుంది. చెట్టునుండి కారే రసంలో ప్రధానమైనది చక్కెర. లొట్టిలో పడిన వెంటనే గాలిలోనూ, లొట్టిలోనూ ఉన్న మధుశిలీంధ్రాలు పని మొదలుపెట్టి చక్కెరను మద్యసారంగా మారుస్తాయి. కొన్ని గంటల్లో తీపి తగ్గి ఘాటు పుడుతుంది. మరికొంత ఆలస్యమైతే ఇతర సూక్ష్మజీవులు మద్యసారాన్ని పులుపుగా మారుస్తాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ మార్పు ఆగి, రసం నీరాగా మిగులుతుంది. కనుక రుచి ఒక గడియారం వంటిది. నాలుక తెలిసినవానికి ఆ కల్లు ఎప్పుడు దిగినదో, నీరు కలిసినదో లేదో ఇట్టే తెలిసిపోతుంది. చెట్టుక్రింద నిలబడి త్రాగేవానిని మోసగించుట సులభం కాదు.

కల్లు చెట్టుక్రిందినుండి నగరపు దుకాణానికి చేరినప్పుడు ఈ రక్షణ తొలగినది. నగరంలో గిరాకి ఎక్కువ, దాపున చెట్లు తక్కువ. రసం చాలనిచోట నీరు వచ్చినది. తీపికి సాకరిన్ వచ్చినది. మత్తుకు మందులు వచ్చినవి. వాటిలో ముఖ్యమైనది క్లోరల్ హైడ్రేట్. 1832లో జర్మను రసాయనవేత్త లీబిగ్ క్లోరల్‌ను కనుగొన్నాడు. 1869లో లీబ్రైష్ అనే వైద్యుడు క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా ప్రవేశపెట్టినాడు. దీనికి దగ్గర చుట్టం క్లోరోఫారం.

ఇక్కడ అఫ్జల్‌గంజ్ మరల మన కథలోకి వస్తుంది. 1888లోనూ 1889లోనూ హైదరాబాదు క్లోరోఫారం కమిషన్‌లు పనిచేసినది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఆశ్రయించుకొనే. డాక్టరు ఎడ్వర్డు లారీ వీనికి మూలపురుషుడు. రెండవ కమిషన్‌కు లండను వైద్యపత్రిక లాన్సెట్ తరఫున డాక్టరు లాడర్ బ్రంటన్ వచ్చినాడు. ఖర్చులు నిజాము ప్రభుత్వం భరించినది. ప్రమాదం శ్వాసలోనే ఉన్నది, దానిని క్షణక్షణం కనిపెట్టి ఉండవలెనని వారు తీర్పు చెప్పినారు. గుండెకు కూడా ప్రమాదమున్నదని 1911లో లీవీ అనే శాస్త్రజ్ఞుడు చూపించినాడు. తీర్పు అసంపూర్ణమైనా, మత్తుమందు కొలతలేక ఇచ్చేది కాదన్న మాట మాత్రం ఆ గట్టుమీద గట్టిగా పలుకబడినది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఆ ఆసుపత్రిని ధ్వంసం చేసినది. తరువాత అక్కడ ఉస్మానియా ఆసుపత్రి వెలసినది.

వైద్యుడు కొలిచి, కనిపెట్టి ఇచ్చిన జాతి మందును దుకాణంలో ఎవరో పిడికిట కలిపినారు. తరువాతి కాలంలో డయజిపాం, అల్ప్రజోలం కూడా చేరినవి. మద్యసారంతో కలిసినప్పుడు ఇవి శ్వాసను మందగింపజేస్తాయి. అలవాటుపడిన దేహానికి అవి ఒక్కసారిగా అందకపోతే వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగుతాయి. హైదరాబాదులో 2004లో కల్లుదుకాణాలు మూసినారు. 2014లో మరల తెరిచినారు. 2015లో కల్తీకల్లు అరికట్టినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాల్లో అనేకులు ఆసుపత్రుల పాలైనారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించినారు. వీరిలో అధికులు రెక్కాడితే గాని డొక్కాడని వారు.

చెడిన సుర కర్మకరులకు అన్న పాతమాట ఎంత దూరం వచ్చినదో శ్రోతలు గమనింతురు గాక! షిరాజు సీసాకు ఊరుపేరు, బోర్డో సీసాకు తోటపేరు. అందులో దోషముంటే నిలదీయవలసినవాడు ఎవడో తెలుస్తుంది. పేరు అంటే బాధ్యత. పోతుతాడు, పండుతాడు, పొద్దటిది, మాపటిది అన్న మన పేర్లు కూడా అటువంటి బాధ్యతలే. చెట్టును, గీసినవానిని, దించిన పూటను అవి పట్టి ఇచ్చేవి. ఆ మాటలు నాలుకలమీదనుండి జారిపోయి, మత్తు ఒక్కటే కొలత అయిన నాడు కల్లు పేరులేని ద్రవమైనది. చట్టం, తనిఖీ తప్పక కావలెను. వాటితోపాటు, ఇది ఏ చెట్టుది, ఏ పూటది అని అడిగే హక్కు ద్రాక్షాసవం త్రాగే ధనికునితో సమానంగా కల్లు త్రాగే కూలివానికీ ఉన్నదని మనం అంగీకరించవలెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని దుకాణంలో పోసేది, ఏ రంగులో ఉన్నా, కల్లు మాత్రం కాదు.