త్రాణ

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో గాంధార, పంజాబు ప్రాంతాలను మెనాండర్ అనే యవనరాజు ఏలాడు. బౌద్ధులకు ఇతను మిళిందుడు. నాగసేన భిక్షువుతో ఇతను సాగించిన ప్రశ్నోత్తరాలే పాళీలోని 'మిళిందపన్హ'. ఇతని వెండి నాణేనికి రెండు భాషలున్నాయి. బొమ్మవైపు గ్రీకులో 'బసిలియోస్ సోటేరోస్ మెనాండ్రూ' అని ఉంటుంది. తిరగేస్తే, కుడి నుంచి ఎడమకు నడిచే ఖరోష్ఠి లిపిలో 'మహరజస త్రతరస మెనంద్రస' అని ఉంటుంది. రక్షకుడైన మెనాండర్ మహారాజుది ఈ నాణెం అని తాత్పర్యం. ఖరోష్ఠిలో దీర్ఘాలు గుర్తించరు గనక 'త్రాతారస' కాస్తా 'త్రతరస' అయింది.

టంకసాలలో పేరు చెప్పుకోని ఒక అనువాదకుడు గ్రీకు 'సోటేర్'కు దీటుగా 'త్రాత'ను నిలబెట్టాడు. రక్షకుడు, గోప్త, పాలకుడు లాంటి మాటలు చేతికందేంత దూరంలో ఉన్నా వాటిని తీసుకోలేదు. అతను ఎంచుకున్న మాట వెంట కొంత దూరం నడిచి చూద్దాం.

ముందు గ్రీకువైపు. సోటేర్ మొదట దేవతల బిరుదు, ముఖ్యంగా జ్యూస్‌ది. తర్వాత రాజులకు దిగింది. క్రీ.పూ. 307లో ఏథెన్సు పౌరులు తమను విడిపించిన అంతిగోనస్‌నూ అతని కొడుకు దెమెత్రియస్‌నూ 'రక్షక దేవతలు'గా కొలిచారు. రెండేళ్ళు తిరిగేసరికి అదే దెమెత్రియస్ రోడ్స్ ద్వీపాన్ని ముట్టడించాడు. ఆ ముట్టడిలో తమకు అండగా నిలిచిన ఈజిప్టు రాజు తొలి టాలెమీకి రోడ్స్ ప్రజలు సోటేర్ అనే బిరుదిచ్చారని పౌసానియస్ రాశాడు. అంటే ఒక రక్షకుడి బారి నుంచి కాపాడినందుకు ఇంకొకడు రక్షకుడయ్యాడు. ఒక ఊరి త్రాత పక్క ఊరికి త్రాసం కావడం రాజకీయాల్లో పాత ముచ్చటే.

ఇంకో రాజున్నాడు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు కుషాణుల కాలంలో కుప్పలుగా నాణేలు వేయించి, వాటి మీద 'రాజాధిరాజు, మహా రక్షకుడు' అని మాత్రం రాయించి పేరు వేయించడం మానేశాడు. చరిత్రకారులు చాలాకాలం ఆయన్ని బిరుదుతోనే 'సోటేర్ మెగాస్' అని పిలిచారు. 1993లో అఫ్గానిస్థాన్‌లో రబాతక్ శాసనం బయటపడ్డాక, ఆయన విమ టక్తు అయి ఉంటాడని ఎక్కువమంది ఒప్పుకున్నారు. అందరినీ రక్షించానన్న మనిషి పేరును రక్షించడానికి చివరికి ఒక రాయి కావలసి వచ్చింది.

ఇక మనవైపు. త్రాతకు మూలం 'త్రై' ధాతువు. ధాతుపాఠం దీనికి 'పాలనం' అని అర్థం చెబుతుంది. భాషాశాస్త్రజ్ఞులు ఇంకాస్త లోతుకు తవ్వి, దీన్ని దాటడాన్ని చెప్పే 'తౄ' ధాతువుకు చుట్టంగా లెక్కిస్తారు. ఆ కుటుంబం పెద్దది. పడవను తరి, తరణి అంటాం. దాటే రేవు తీర్థం. పైనుంచి కిందికి దాటి రావడం అవతారం. దాటిపోయినవాడు తరించినవాడు. ఈ లెక్కన త్రాత అంటే కత్తి పట్టి కాపలా కాసేవాడికన్నా ముందు, ఏరు దాటించేవాడు.

తెలుగువాడికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. మనం ఆపద నుంచి మనిషిని 'గట్టెక్కిస్తాం', 'ఒడ్డున పడేస్తాం'. నదులున్న దేశంలో రక్షణ అనే ఊహకు పడవ ఆకారం వచ్చింది.

ఆ ఊహకు స్త్రీరూపం తార. బౌద్ధంలో అవలోకితేశ్వరుడూ తారా ఎనిమిది మహాభయాల నుంచి గట్టెక్కించే దేవతలు. నిప్పు, నీరు, దొంగలు, సంకెళ్ళు, సింహం, ఏనుగు, పాము, పిశాచం అన్నవి ఆ భయాలు. ఔరంగాబాదు ఏడో గుహ ముంగిట అవలోకితేశ్వరుడి పెద్ద శిల్పం ఉంది. ఆయనకు ఇరువైపులా ఈ భయాలను చిన్న చిన్న దృశ్యాలుగా చెక్కారు, వాటిలో సముద్రంలో చిక్కిన ఓడ కూడా ఒకటి. ఆ జాబితా చూస్తే అది మఠంలో కూర్చున్నవాళ్ళ భయాలకన్నా సరుకు మోసుకుపోయే వర్తకుల భయాలకే దగ్గరగా కనిపిస్తుంది. మన శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున, కళింగపట్నం రేవుకు దగ్గర్లోనే ఉన్న శాలిహుండం బౌద్ధక్షేత్రంలోనూ తార విగ్రహం దొరికింది. నదీ సముద్రమూ దగ్గరపడే చోట దాటించే తల్లి ఉండటం సబబే.

దేవతల నుంచి వస్తువుల్లోకి దిగితే, త్రాణం ఒంటినిండా తొడుక్కునే సరుకు. తలకు శిరస్త్రాణం, ఒంటికి తనుత్రాణం, కాళ్ళకు పాదత్రాణాలు. వింటినారి కోయకుండా విలుకాళ్ళు వేళ్ళకు తొడుక్కునేది అంగుళిత్రాణం. రామాయణంలో రామలక్ష్మణులు విశ్వామిత్రుడి వెంట వెళ్ళేటప్పుడు తొడుక్కున్నవి ఉడుము తోలువి. ఎండ నుంచి కాచేది ఆతపత్రం, అంటే గొడుగు. వీటిలో శిరస్త్రాణానికి మన కాలంలో మళ్ళీ బతుకు దొరికింది. ట్రాఫిక్ పోలీసు బోర్డుల మీద కనిపిస్తుంది. చదివినవాళ్ళంతా 'హెల్మెట్' అనే అంటారు గనక, తలలను కాచే ఆ మాటను కాచేవాళ్ళు మాత్రం లేరు.

వస్తువుల దగ్గర ఆగితే బాగుండేది. మన పూర్వులకు ఈ ధాతువు మీద ఎంత మోజంటే, చివర 'త్ర' వినిపించిన చోటల్లా ఒక రక్షకుణ్ణి చూశారు. 'పుత్' అనే నరకం నుంచి కాపాడేవాడు పుత్రుడని యాస్కుడి నిరుక్తంలోనూ మనుస్మృతిలోనూ ఉంది. మన 'పున్నామ నరకం' అక్కణ్ణుంచి వచ్చిందే. గాయం నుంచి కాపాడేది క్షత్రమని, మననం చేసేవాణ్ణి కాపాడేది మంత్రమని, గానం చేసేవాణ్ణి కాపాడేది గాయత్రి అని చెప్పారు. రఘువంశంలో దిలీపుడు ఆవును విడిపించుకోవడానికి సింహానికి తన దేహాన్నే ఇవ్వజూపుతూ క్షత్రశబ్దానికి ఈ అర్థమే చెబుతాడు. అలాంటి చోట వ్యుత్పత్తిని తప్పుపట్టడానికి మనసు రాదు.

కానీ పట్టక తప్పదు. అవెస్తా భాషలో కొడుకును 'పుథ్ర' అన్నారు. పారసీకంలో అదే అరిగి 'పూర్' అయింది, షాపూర్ అంటే రాజు కొడుకు. ఇరానీయులకు కొడుకులున్నారు గానీ పుత్ నరకం లేదు. క్షత్రానికి అక్కడి తోబుట్టువు 'క్షథ్ర', అర్థం ఏలుబడి. దాన్నుంచే పారసీకంలో నగరాన్ని చెప్పే 'షహర్' వచ్చింది. హైదరాబాదు పాతబస్తీ ఉర్దూలో రోజూ వినిపించే మాట అది. ఇక మంత్రంలోని 'త్ర' సాధనాన్ని చెప్పే ప్రత్యయం. తాగడానికి పాత్ర, నడిపించడానికి నేత్రం, కట్టుకోవడానికి వస్త్రం, తలచడానికి మంత్రం. ప్రతి 'త్ర'లోనూ రక్షణే ఉందంటే, మూత్రం ఎవరిని తరింపజేస్తుందో కూడా చెప్పవలసి వస్తుంది.

నిజమైన చుట్టరికాలు మనం వెతకని చోట ఉంటాయి. మన 'రక్ష్' ధాతువుకూ గ్రీకు 'అలెక్సో'కూ మూలం ఒకటే. 'అలెక్సో' అంటే అడ్డుకుని కాపాడటం, 'ఆండ్రోస్' అంటే మనిషిది. రెండూ కలిస్తే అలెగ్జాండర్, మన మాటల్లో నరరక్షకుడు. థీబ్స్ నగరాన్ని నేలమట్టం చేసినవాడికి ఆ పేరు ఎంత నప్పిందో పాఠకులే తేల్చుకోవాలి. అరబ్బులు 'అల్'ను తమ ఉపపదం అనుకుని విడదీస్తే అతను ఇస్కందర్, సికందర్ అయ్యాడు. ఆ పేరే మూడో నిజాం సికందర్ జాకు వచ్చింది, ఆయన పేరు సికింద్రాబాదుకు వచ్చింది. కాబట్టి సికింద్రాబాదు స్టేషన్‌లో రైలు దిగినవాడు వ్యుత్పత్తి ప్రకారం నరరక్షకపురంలో దిగినట్టే. జేబులో పర్సు జాగ్రత్త మాత్రం తనే చూసుకోవాలి.

క్రైస్తవం సోటేర్‌ను రాజుల దగ్గర్నుంచి తిరిగి దేవుడికి అప్పగించింది. గ్రీకులో చేపను 'ఇఖ్థూస్' అంటారు. అయిదు అక్షరాలు. 'యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు' అనే అయిదు గ్రీకు మాటల మొదటి అక్షరాలు అవే. తొలి క్రైస్తవులకు చేప బొమ్మ విశ్వాసపు గుర్తు అయింది. ఆ చేప తోకలో ఉన్నది సోటేర్. మన శతపథ బ్రాహ్మణంలో జలప్రళయం వేళ మనువు పడవను లాక్కెళ్ళి గట్టెక్కించిందీ చేపే. ఒకచోట అక్షరాల చేప, మరోచోట కొమ్మున్న చేప.

లాటిన్‌లో రక్షకుడు 'సల్వాతోర్'. ఇది 'సల్వుస్' నుంచి వచ్చింది, అంటే చెక్కుచెదరనిది. దానికి మన సోదరపదం 'సర్వ'. సర్వం అంటే మనకిప్పుడు 'అంతా' అని మాత్రమే తోస్తుంది గానీ, వేదంలోని 'సర్వతాతి'లో కొరత లేని ఆరోగ్యం అనే భావం ఇంకా ఉంది. లాటిన్ రక్షకుడు మనిషిని మళ్ళీ పూర్తి చేసేవాడు. లియోనార్డో డావించీదిగా చెప్పే 'సాల్వాతోర్ ముండి' చిత్రం 2017లో 45 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. లోకరక్షకుడి బొమ్మను కొన్నవాడి ఖజానా మాత్రం అంతమేర చెక్కుచెదిరింది.

సల్వుస్ మొక్కల్లోకీ మందుల్లోకీ పాకింది. ఐరోపావాళ్ళు వంటల్లో, వైద్యంలో వాడే 'సాల్వియా' మొక్క పేరు అదే. 1910లో పాల్ ఎర్లిఖ్ సిఫిలిస్‌కు తెచ్చిన మందు 'సాల్వర్సాన్' పేరులో ఈ మాట ఆర్సెనిక్‌తో కలిసింది. పాషాణానికి రక్షకపదవి దక్కిన అరుదైన సందర్భం. మన ఆయుర్వేదం ఇంకా సూటిగా ఒక చేదు మూలికకు 'త్రాయమాణ' అనే పేరు పెట్టింది. కాపాడుతూ ఉండేది అని అర్థం. అమరకోశం దానికి 'త్రాయంతి' అనే పర్యాయపదంతో పాటు 'బలభద్రిక' అనీ చెప్పింది. రక్షణ, బలం ఒకే మొక్క పేర్లలో పక్కపక్కన నిలబడ్డాయి. ఈ పొరుగు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు నేటి భాషలకు వద్దాం. బెంగాలీలో త్రాణ్ అంటే వరద, తుపాను బాధితులకు అందే సాయం. బియ్యం మూటలు, టార్పాలిన్లు, శిబిరాలు. హిందీ పుస్తకభాషలో త్రాణ్ ఇప్పటికీ రక్షణే. దక్కనుకు వచ్చేసరికి మాట దారి మళ్ళింది. తెలుగులో త్రాణ అంటే ఒంట్లో సత్తువ. మెట్లెక్కే త్రాణ లేదంటాం, మాట్లాడే త్రాణ లేదంటాం. కన్నడంలోనూ అంతే, మరాఠీలోనూ అంతే. ముగ్గురు పొరుగువాళ్ళు కూడబలుక్కున్నట్టు, బయటినుంచి రావలసిన రక్షణను ఒంటిలోపలికి తెచ్చుకున్నారు.

ఎందుకిలా జరిగింది? నా ఊహ ఇది. బయటి రక్షకుడికి తెలుగులో ముందునుంచీ మాటల కరువు లేదు. అండ ఉంది, ఆసరా ఉంది, కాపు ఉంది. అన్నిటినీ మించి 'దిక్కు' ఉంది. ఎటు చూడాలో తెలియనివాడికి చూడదగ్గ వైపే రక్షకుడు. దిక్కులేనివాడికి దేవుడే దిక్కు. ఇన్ని మాటలు వాకిట్లో కాపలా ఉండగా త్రాణకు బయట పని లేకపోయింది. లోపలికి వచ్చి, మనిషిని నిలబెట్టే బలం కింద స్థిరపడింది. తనను తాను కాచుకోగలిగినవాడే బలవంతుడన్న తర్కం అందులో ఉండనే ఉంది.

ఇక్కడ గ్రీకువైపు ఒకసారి తిరిగి చూడాలి. సోటేర్‌కు మూలమైన 'సావోస్' అంటే క్షేమంగా ఉన్నది. దాన్ని పండితులు బలానికి సంబంధించిన ఒక పాత ధాతువుతో ముడిపెడతారు. వేదంలో బలవంతుణ్ణి చెప్పే 'తవస్' ఆ ధాతువుదే. అంటే గ్రీకుమాట బలంలో బయలుదేరి క్షేమం మీదుగా రక్షకుడి దాకా వెళ్ళింది. దక్కను త్రాణ రక్షకుడి దగ్గర బయలుదేరి బలం దాకా వచ్చింది. మెనాండర్ నాణెం మీద ఎదురుపడిన రెండు మాటలూ ఒకే దారిలో ఎదురెదురుగా నడిచినవి. ఆ అనువాదకుడి ఎంపిక అతను అనుకున్నదానికన్నా బాగా కుదిరింది.

చివరగా నిస్త్రాణ. సంస్కృతం చదివినవాడి చెవికి అది కాపాడేవాడు లేని స్థితి. తెలుగువాడికి అది ఓపిక ఉడిగి మంచం పట్టిన స్థితి. మొదటి రోగానికి అభయమిచ్చే దేవుడు కావాలి. రెండోదానికి గ్లాసుడు జావ చాలు. ఆ జావను కాయాలి. మన భాషలో కాచడమంటే మరగబెట్టడం, కాచడమంటే కాపాడటం. ధాతువులు వేరని నిఘంటువు చెబుతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డ ఇల్లాలు వాటిలో ఏ కాచడం కాస్తోందో మాత్రం అది చెప్పలేదు.