పెనుగులాట

అమ్మాయి పెళ్లిచీర కోసమని హిందూపురంలో ధర్మవరం బండి ఎక్కాం. బండి కదలకముందే రంగు దగ్గర మా ఇద్దరికీ పేచీ. "ఏమిటే నాతో ఈ పెనుగులాట!" అని విసుక్కున్నాను.

పెనుకొండ వచ్చేసరికి మూతి ముడుపు మరిచి అడిగింది: "అమ్మా, ఈ పెనూ ఆ పెనూ ఒకటేనా?"

కాదు. ఊరిపేరులో పెను అంటే పెద్ద. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర ప్రభువులు రాజధాని చేసుకున్న పెద్ద కొండ అది. పెనుగులాట మాత్రం ‘పెనగు’ అనే పాత క్రియలోంచి వచ్చింది. బ్రౌను దొర నిఘంటువు తీయండి, మెలిపడడమూ అదే, కలబడడమూ అదే. పెనవేసుకోవడం దానికి దగ్గర చుట్టం. రావిచెట్టు కింద నాగశిల మీది జంటపాములది కౌగిలో, కుస్తీయో చెప్పగలరా?

ఇది మన ఒక్కరి చమత్కారమే కాదండోయ్. ఒకదానితో ఒకటి అల్లడానికి ఫ్రెంచివాళ్లు మధ్యయుగాల నుంచీ వాడుతున్న మాట ‘ఆంత్రలాసే’. దాని లాటిను మూలానికి అర్థం ఉచ్చు!

ధర్మవరంలో మగ్గం దగ్గర నిలబడ్డాం. పడుగు బిగువుగా నిలువున సాగి ఉంది. పేక దానికి అడ్డం పడుతూ, ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా దూరిపోతోంది. అడ్డం పడకపోతే గుడ్డే లేదు.

చివరికి ఒళ్లు దానికి నచ్చిన రంగు, అంచు నాకు నచ్చింది. తిరుగుబండిలో చీర పొట్లం ఒళ్లో పెట్టుకుని నా భుజం మీద నిద్రపోయింది.

వచ్చే నెల నుంచి నాతో పెనుగులాడేవాళ్లెవరూ ఉండరు.