వుడ్‌ఫీల్డ్ మాల్: షామ్‌బర్గ్ నడిబొడ్డు బజారు

వుడ్‌ఫీల్డ్ మాల్ అమెరికాలో షికాగో శివారు ఊరైన షామ్‌బర్గ్ తూర్పు అంచున, గోల్ఫ్ రోడ్డుకూ హిగిన్స్ రోడ్డుకూ మధ్య ఉంది. 1971 సెప్టెంబరు 9న 59 దుకాణాలతో మొదలైంది. ఇప్పుడు దాని విస్తీర్ణం 20 లక్షల చదరపు అడుగులు దాటింది. ఇల్లినాయిస్‌లో ఇంతకన్నా పెద్ద మాల్ లేదు. షికాగో చూడవచ్చిన పర్యాటకుల్లో చాలామంది ఇక్కడికి కొనుగోళ్ల కోసమే వస్తారు. సంచులు నింపుకుని వెళ్లిపోతారే తప్ప, ఒక ఊరిని ఊరుగా నిలబెట్టిన కట్టడం మధ్య తిరుగుతున్నామని గమనించేవాళ్లు తక్కువ.

పాతకాలపు కప్పు కింది బజారు అంటే తెలుగువాళ్లకు హైదరాబాదులో 1935లో గ్రానైటు రాతితో లేచిన మొజంజాహీ మార్కెట్ లాంటిది గుర్తొస్తుంది. అమెరికా శివారు ఊళ్లలో ఆ లెక్కన పాత బజార్లు వెతికితే దొరకవు. పూర్తిగా కప్పేసి, లోపల ఏడాది పొడుగునా ఒకే వాతావరణం ఉంచే మాల్ అనే ఏర్పాటు మొదలైందే 1956లో. వియన్నా నుంచి వలస వచ్చిన విక్టర్ గ్రుయెన్ అనే ఆర్కిటెక్టు మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనాలో కట్టిన సౌత్‌డేల్ అందులో మొదటిది. అక్కడి చలికి వీధి బజారు ఏడాదిలో సగం రోజులు చతికిలబడేది. ఆ చలినే గ్రుయెన్ పెట్టుబడిగా మార్చుకున్నాడు. 1962లో ఆయనే షామ్‌బర్గ్ పొరుగున మౌంట్ ప్రాస్పెక్ట్‌లో ర్యాండ్‌హర్స్ట్ కట్టాడు. ఆ మాల్‌ను తర్వాత కూల్చేసి, ఆరుబయలు దుకాణాల సముదాయంగా మార్చారు. వుడ్‌ఫీల్డ్ మాత్రం తన కప్పు కిందే యాభై ఏళ్లు దాటించింది. దీన్ని చారిత్రక కట్టడం అనడానికి ఆ ఒక్క కారణం చాలు.

సౌత్‌డేల్ తెరుచుకున్న ఆ 1956లోనే షామ్‌బర్గ్ కూడా చట్టరీత్యా గ్రామమైంది. అప్పటి జనాభా 130. అంతకు ముందు వందేళ్లు ఇది జర్మన్ రైతుల పొలాల సీమ. ఆ రైతులు వచ్చిన ప్రాంతం పేరే 1850లో ఈ టౌన్‌షిప్‌కు స్థిరపడింది. పాలు, వెన్న, కూరగాయలు, జర్మన్‌లో ప్రార్థనలు, రెండు మట్టిరోడ్లు కలిసేచోట నాలుగు దుకాణాలు, అంతే. తలరాత మార్చింది రోడ్లూ విమానాశ్రయమూ. ఓహేర్ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు 1955లో దిగడం మొదలైంది. నార్త్‌వెస్ట్ టోల్‌వే 1958లో తెరుచుకుంది. 1959 నుంచి 1975 దాకా ఊరి పెద్దగా ఉన్న బాబ్ ఆచర్ రేడియోలో జానపద శైలి పాటలు పాడి పేరు తెచ్చుకున్న గాయకుడు. పాటల మనిషికి పట్నం కట్టే పనేమిటని ఎవరికైనా అనిపించవచ్చు గాని, ఇళ్లకు ఎంత నేల, వ్యాపారానికి ఎంత నేల అన్నది ముందే గీతలు గీసి పెట్టినది ఆయన పాలకవర్గమే. హైవేల కూడలి దగ్గరి పొలాలు వ్యాపారానికి మిగలడం గాలివాటు కాదు.

ఆ పొలాల్లో దాదాపు 200 ఎకరాల మీద మాల్ లేచింది. సియర్స్ కంపెనీకి స్థలాలు కొని మాల్స్ కట్టే అనుబంధ సంస్థ హోమార్ట్, మిచిగన్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ టౌబ్‌మన్ కలిసి కట్టారు. పేరులో వుడ్ అంటే సియర్స్‌ను దశాబ్దాల పాటు నడిపిన జనరల్ రాబర్ట్ వుడ్. ఫీల్డ్ అంటే షికాగోలో పెద్ద దుకాణానికి ఆద్యుడైన మార్షల్ ఫీల్డ్. అడవీ పొలమూ చూసి పెట్టిన పేరని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటే వాళ్ల తప్పేమీ లేదు.

మాల్ రాకతో ఊరు ఉబ్బిపోయింది. 1970లో పద్దెనిమిది వేలు దాటిన జనాభా 1980కి 53 వేలు దాటింది. 2020 లెక్కల్లో 78,723. గ్రామ ఖజానాకు అమ్మకపు పన్ను ఎంత వచ్చిపడిందంటే, దశాబ్దాల తరబడి గ్రామపాలన ఇళ్ల మీద ఆస్తిపన్ను వేయనే లేదు. ఆర్థిక మాంద్యం దెబ్బకు 2009లో గాని మొదటిసారి వేయాల్సి రాలేదు. పొరుగూళ్ల జనం బట్టలూ ఫ్రిజ్‌లూ కొంటే షామ్‌బర్గ్ వీధుల్లో మంచు తీసే బండ్లు తిరిగాయన్నమాట. నడిబొడ్డు బజారంటూ లేని ఊరికి మాలే నడిబొడ్డు అయింది. ఊరి అంచున, హైవే పక్కన ఉన్నా సరే.

కట్టడాన్ని చూడాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవలసింది టౌబ్‌మన్ లెక్కలు. నీరు పల్లమెరుగు అన్నట్టే మనుషులు కూడా కిందికే ప్రవహిస్తారని, పైకి ఎక్కడానికి వెనుకాడతారని ఆయన నమ్మకం. అందుకే తన మాల్స్‌లో చుట్టూ నేలను ఏటవాలుగా చదును చేయించి, పార్కింగ్ నుంచి నేరుగా పై అంతస్తుకూ కింది అంతస్తుకూ వేర్వేరు గుమ్మాలు పెట్టించేవాడు. పైన దిగినవాడు ఎలాగూ కిందికి వస్తాడు. అలా రెండు అంతస్తుల దుకాణాలకూ గిరాకీ తగులుతుంది. పెద్ద దుకాణానికీ పెద్ద దుకాణానికీ మధ్య నడక వెయ్యి అడుగులు మించకూడదని, మించితే జనం వెనక్కి తిరుగుతారని ఇంకో లెక్క. పై కప్పు అద్దాల దగ్గర దీపాలు అమర్చి, బయట పొద్దు గూకుతున్న కొద్దీ వాటి వెలుగు పెంచేవారు. చీకటి పడిందన్న ధ్యాస లోపలివాళ్లకు తగలకూడదు. గుమ్మం దాటడానికి మనిషిలో ఉండే బెరుకును ఎలా తగ్గించాలన్నదే ఆయనకు జీవితకాలపు ఆలోచన. 2007లో రాసుకున్న ఆత్మకథకు పేరు కూడా దాని మీదే పెట్టాడు.

ఈ లెక్కలు కంటితో చూడాలంటే మధ్య ఆవరణలో కింది అంతస్తున నిలబడి తల ఎత్తాలి. ఒక్కచోటి నుంచే అంతస్తుల వారీగా దుకాణాల బోర్డులు కనిపిస్తాయి. ఏదీ దేని వెనుకా దాక్కోదు. అంతస్తుల మధ్య మెట్లతో పాటు వాలు దారులున్నాయి. పిల్లల బండి తోసుకుంటూ వెళ్లే తల్లి, తాను ఎక్కుతున్నదీ దిగుతున్నదీ సరిగా గమనించకుండానే ఇంకో అంతస్తులో తేలుతుంది. దుకాణాల ముఖాలు వెడల్పుగా, చాలాచోట్ల తలుపే లేకుండా ఉంటాయి. 1971 నాటి అలంకరణ చాలావరకు తర్వాతి మరమ్మతుల్లో పోయింది. ఎముకల గూడు మాత్రం పాతదే.

దుకాణాల చరిత్ర వేరే వరుస. మొదట సియర్స్, మార్షల్ ఫీల్డ్స్, జేసీ పెన్నీ మూడు కొసల్లో నిలిచాయి. 1973లో లార్డ్ అండ్ టేలర్ చేరింది. 1995 విస్తరణలో నార్డ్‌స్ట్రామ్ వచ్చింది. 2006లో మార్షల్ ఫీల్డ్స్ బోర్డులు దించి మేసీస్ బోర్డులు పెట్టినప్పుడు షికాగో జనం నిరసనలకు దిగారు. పేరు పోయినా పాత తరం నోట ఇప్పటికీ ఫీల్డ్స్ అనే వస్తుంది. లార్డ్ అండ్ టేలర్ కరోనా కాలంలో మూతపడింది. 2021 నవంబరులో ఇక్కడి సియర్స్ కూడా మూసేశారు. షికాగోలో పెరిగిన కంపెనీకి సొంత రాష్ట్రంలో మిగిలిన ఆఖరి దుకాణం అదే. దాని ప్రధాన కార్యాలయం మూడు దశాబ్దాల పాటు పొరుగూరు హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లోనే ఉండేది.

ప్రయాణానికి తగిన రోజు చూసుకోవడం సగం పని. పని దినాల్లో, ఉదయం తెరిచిన వేళ, కట్టడం చూడటానికి అనువు. ఆదివారం మిగతా రోజులకన్నా ముందే మూసేస్తారు. థాంక్స్‌గివింగ్ మరునాడు, క్రిస్మస్ ముందు శనివారాలు తిరునాళ్ల లెక్కే. కార్లు నిలపడానికే గంట పోతుంది. పండగ దీపాల కోసం వచ్చేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఆ రోజులు వద్దు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోవాలి.

కారు ఉన్నవాళ్లకు 290 హైవే నుంచి గాని, 90 టోల్‌వే నుంచి గాని దారి సులువు. టోల్‌వే మీద డబ్బు కట్టే గేట్లు 2020 నుంచి లేవు. కెమెరా నంబరు ప్లేటు చూసి లెక్క కడుతుంది. అద్దె కారు అయితే ఆ బిల్లు అద్దె కంపెనీ ద్వారా, వాళ్ల రుసుము కూడా కలిపి, తర్వాత వస్తుంది. దాని సంగతి ముందే అడిగి పెట్టుకోవడం మేలు. పార్కింగ్ ఉచితం. అయితే ఏ దుకాణం గుమ్మంలోంచి, ఏ అంతస్తులో లోపలికి వెళ్లారో గుర్తు పెట్టుకోకపోతే తిరుగు ప్రయాణంలో తంటాలు తప్పవు. రెండు అంతస్తులకూ నేల మీది గుమ్మాలే కాబట్టి, కింద వెతుకుతున్న కారు పైన ఉండటం ఇక్కడ మామూలే. కారు లేనివాళ్లు షికాగో బ్లూ లైన్ రైలులో రోజ్‌మాంట్ స్టేషన్‌కు వచ్చి, పేస్ సంస్థ 606 నంబరు బస్సులో మాల్ దగ్గరి నార్త్‌వెస్ట్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్‌లో దిగవచ్చు. మెట్రా రైలుకు షామ్‌బర్గ్ పేరుతోనే స్టేషన్ ఉంది గాని, అది ఊరికి ఆ చివర, మాల్‌కు చాలా దూరం. పేరు చూసి అక్కడ దిగి చిక్కుకునేవాళ్లున్నారు.

వస్తువు మీద రాసిన ధరకు ఇక్కడ అమ్మకపు పన్ను అదనం. రాష్ట్రం, కౌంటీ, గ్రామం వాటాలన్నీ కలిపి దాదాపు పది శాతం. మన ఎం.ఆర్.పి. అలవాటుతో చూసుకుంటే కౌంటర్ దగ్గర చిల్లర చాలదు. విదేశీ పర్యాటకులకు ఆ పన్ను తిరిగిచ్చే ఏర్పాటు ఇల్లినాయిస్‌లో లేదు. శాకాహారులు ఫుడ్ కోర్టులో బీన్స్, సూప్ లాంటివి దేనితో వండారో అడిగి తీసుకోవాలి. పప్పన్నం కావాలంటే గోల్ఫ్ రోడ్డు పొడవునా, చుట్టుపక్కల ఊళ్లలోనూ భారతీయ హోటళ్లకూ కిరాణా కొట్లకూ కొదవ లేదు. మోటరోలా 1976 నుంచి దశాబ్దాల పాటు తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడే నడపడం, ఆ తర్వాత ఐటీ కంపెనీలు చేరడం వల్ల షామ్‌బర్గ్ చుట్టూ తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. మాల్ వాళ్లకు అంగడితో పాటు నడక బాట కూడా. జనవరిలో బయట మంచు పేరుకుని కాలు పెట్టలేనప్పుడు, బిడ్డల దగ్గరికి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు స్వెట్టరూ మంకీ క్యాపూ వేసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు చుట్లు కొడుతుంటారు. తెలియని ఇద్దరు ముసలాళ్లు మూడో చుట్టులో ఎదురుపడి "ఏ ఊరండీ మీది?" అని పలకరించుకోవడం ఇక్కడ వింత కాదు.

పిల్లలున్న కుటుంబాలకు పక్కనే స్ట్రీట్స్ ఆఫ్ వుడ్‌ఫీల్డ్ సముదాయంలో 2008లో వచ్చిన లెగోలాండ్ డిస్కవరీ సెంటర్ ఉంది. 1998లో తెరిచిన మూడంతస్తుల ఐకియా కూడా దగ్గరే. వాటిలో దూరితే పూట గడిచిపోతుంది. కట్టడం కోసం వచ్చినవాళ్లు వాటిని ఇంకో రోజుకు ఉంచుకోవాలి.

మాల్ లేవక ముందు ఈ నేల ఎలా ఉండేదో చూపే చోట్లు రెండున్నాయి. షామ్‌బర్గ్ రోడ్డు, రోజెల్ రోడ్డు కలిసే పాత కూడలి దగ్గర సెయింట్ పీటర్ లూథరన్ చర్చి 1863 నాటి ఇటుక కట్టడం. జర్మన్ రైతులు కట్టుకున్నది. అక్కడికి దగ్గరలోనే స్ప్రింగ్ వ్యాలీలో వోల్కెనింగ్ హెరిటేజ్ ఫారం 1880ల నాటి రైతు ఇంటిని, గాదెను, పశువుల కొట్టాన్ని పనిచేస్తున్న పొలంగానే నిలబెట్టింది. కాలాన్ని బట్టి అక్కడ వరుసగా దున్నడం, కోతలు, వంట అన్నీ పాత పద్ధతిలో చేసి చూపిస్తారు. చలికాలంలో పొలం తెరిచే రోజులు తగ్గుతాయి, వేసవిలోనూ సాయంత్రం త్వరగా మూస్తారు. కాబట్టి ఒకే రోజు పొలమూ మాలూ చూడాలనుకునేవాళ్లు పొద్దున పొలానికి, మధ్యాహ్నం తర్వాత మాల్‌కు వెళ్లాలి. రెంటికీ మధ్య కారులో పావుగంట దారి.