ఆటిజం, దైనందిన ఒత్తిడి మరియు మార్పు

ఆటిజం అనేది మెదడు వికాసంలోని భేదం వలన కలిగే స్థితి. ఇది బాల్యంలోనే ఆరంభమై జీవితాంతం ఉంటుంది. ఇతరులతో సంభాషించే తీరులోను, ఇంద్రియానుభవాలలోను, అలవాట్లలోను దీని ప్రభావం కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచ జనాభాలో 127 మందికి ఒకరు ఈ స్థితి కలిగి ఉన్నారు. దైనందిన ఒత్తిడిని, అనుకోని మార్పును ఆటిజం ఉన్నవారు మరియు లేనివారు ఎదుర్కొనే తీరులో కొన్ని ముఖ్యమైన భేదాలు కలవు. ఈ భేదాలు తెలియనందున ఆటిజం ఉన్నవారి ప్రవర్తనను మొండితనంగానో, క్రమశిక్షణ లేకపోవడంగానో భావించడం తరచుగా జరుగుతుంది.

చరిత్ర

1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను (8 మంది బాలురు, 3 బాలికలు) పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించాడు. పరిసరాలు, దినచర్య ఏమాత్రం మారకుండా ఉండాలని ఆ పిల్లలు ఆత్రుత పడటాన్ని ఆయన ప్రధాన లక్షణంగా గుర్తించాడు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ కూడా ఇటువంటి పిల్లలను గురించి వ్రాశాడు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథపు ఐదవ కూర్పులో, మార్పును సహించలేకపోవడంతో పాటు ఇంద్రియ స్పందనలోని హెచ్చుతగ్గులను కూడా ఆటిజం లక్షణాలలో చేర్చారు.

ఒత్తిడి స్వరూపం

ఒత్తిడికి శరీరం స్పందించే తీరును 1936లో హాన్స్ సెల్యే వివరించాడు. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, ఒక సంఘటన ఎంత ఒత్తిడి కలిగిస్తుందనేది ఆ వ్యక్తి దానిని ఎలా అంచనా వేస్తాడనే దానిపై ఆధారపడి ఉంటుంది. "ఇది నాకు ముప్పా? దీనిని ఎదుర్కొనే సాధనం నా వద్ద ఉన్నదా?" అనేవి ఆ అంచనాలోని రెండు ప్రశ్నలు. ఈ ప్రశ్నలు అందరికీ సమానమే. వాటికి లభించే జవాబులలోనే భేదం కలదు.

ముఖ్యమైన భేదాలు

అనిశ్చితి: బడి బస్సు ఒకరోజు వేరే దారిన వెళ్ళినదనుకుందాం. చాలామంది పిల్లలు కిటికీలోంచి కొత్త వీధిని చూసి మరచిపోతారు. ఆటిజం ఉన్న బాలునికి ఆ దారి తరువాత జరగబోయే వాటికి గుర్తు వంటిది. అది తప్పినప్పుడు మిగిలిన రోజంతా ఏమి జరుగుతుందో తెలియని స్థితి ఏర్పడుతుంది. మార్పు మంచిదైనా, చెడ్డదైనా ఈ ఆందోళన కలుగవచ్చు.

ఇంద్రియ భారం: కుక్కరు కూత, ట్యూబులైటు మినుకు, పెళ్ళిపందిరిలో మైకు మోత వంటివాటికి ఇతరులు కొద్దిసేపటిలో అలవాటు పడతారు. ఆటిజం ఉన్నవారిలో అనేకులకు ఈ అలవాటు సులభంగా కలగదు. ఉదయం నుండి చేరుతూ వచ్చిన భారం సాయంత్రం ఒక చిన్న కారణానికి బయటపడవచ్చు. అప్పుడు చూసేవారికి ఆ చిన్న కారణమే కనబడుతుంది.

భావాలను గుర్తించడం: తన మనసులోని భావాన్ని గుర్తించి మాటలలో చెప్పలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనా సమీక్ష ప్రకారం ఇది ఆటిజం ఉన్నవారిలో సుమారు 50 శాతం మందిలోను, లేనివారిలో సుమారు 5 శాతం మందిలోను కనిపించింది. ఒత్తిడి కలిగినప్పుడు సాయం అడగడం ఇటువంటివారికి కష్టం.

ఉపశమన మార్గాలు: ఆటిజం లేనివారు సాధారణంగా మిత్రులతో మాట్లాడి ఊరట పొందుతారు. ఆటిజం ఉన్నవారిలో పలువురికి ఏకాంతం, ఇష్టమైన విషయంలో నిమగ్నత, శరీరాన్ని ఊపడం లేదా చేతులు ఆడించడం ఊరటనిస్తాయి. ఈ పునరావృత చలనాలను స్టిమ్మింగ్ అంటారు. కాలు ఊపడం, కలం తిప్పడం ఇతరులలోనూ ఉన్న అలవాట్లే. 2019లో స్టీవెన్ కాప్, ఆయన సహచరులు 32 మంది ఆటిజం ఉన్న వయోజనుల అభిప్రాయాలను సేకరించగా, ఈ చలనాలు తమను శాంతపరుస్తాయనీ, వాటిని మాన్పించే చికిత్సలకు తాము వ్యతిరేకమనీ వారు తెలిపారు.

ఒత్తిడి హద్దు మీరినప్పుడు

ఒత్తిడి భరించలేని స్థాయికి చేరినప్పుడు ఏడుపు, కేకలు, తనను తాను కొట్టుకోవడం వంటివి కలుగవచ్చు. దీనిని మెల్ట్‌డౌన్ అంటారు. మాట ఆగిపోయి ముడుచుకుపోవడాన్ని షట్‌డౌన్ అంటారు. కోరినది సాధించడానికి పిల్లలు చేసే మారాముకు, దీనికి భేదం కలదు. మారాము కోరిక తీరగానే ఆగుతుంది. మెల్ట్‌డౌన్ ఆ వ్యక్తి అదుపులో ఉండదు. శిక్షించినచో మరింత పెరుగుతుంది.

దాచుకోవడం వలన కలిగే నష్టం

పైకి ప్రశాంతంగా కనిపించే వారందరూ ఒత్తిడి లేనివారు కారు. ఇతరులను అనుకరిస్తూ, చలనాలను అణచుకుంటూ తమ స్థితిని దాచడాన్ని మాస్కింగ్ అంటారు. దీర్ఘకాలం ఇలా గడిపినవారిలో తీవ్రమైన అలసట, అంతకుముందు చేయగలిగిన పనులు చేయలేకపోవడం, శబ్దాలను సహించలేకపోవడం కలుగుతాయని 2020లో డోరా రేమేకర్ బృందం వివరించింది. బడిలో నెమ్మదిగా ఉండి ఇంటికి రాగానే కుప్పకూలే పిల్లలను ఈ దృష్టితోనే చూడవలసి ఉంటుంది.

2020 నాటి అనుభవం

కోవిడ్ లాక్‌డౌన్ దినచర్యలను ఒక్కసారిగా మార్చివేసింది. 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండు ప్రభుత్వం తన మార్గదర్శకాలను సవరించి, అవసరమున్న ఆటిజం వ్యక్తులు వ్యాయామానికి రోజుకు ఒకసారి కంటె ఎక్కువ బయటకు వెళ్ళవచ్చునని తెలిపింది. మరొకవైపు రద్దీ, సమావేశాలు తగ్గినందున కొందరికి ఒత్తిడి తగ్గింది కూడా. కనుక ఆటిజం ఉన్నవారందరూ ఒకే రీతిగా స్పందిస్తారని చెప్పరాదు.

సహాయక పద్ధతులు

* జరగబోయే మార్పును ముందుగా, స్పష్టంగా చెప్పడం. ఏది మారుతుందో, ఏది మారదో రెండూ తెలపడం.
* దినచర్యను బొమ్మల పట్టికగా గోడపై ఉంచడం. ఎరిక్ షాప్లర్ ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో రూపొందించిన టీచ్ పద్ధతిలో ఇటువంటి పట్టికలకు ప్రాధాన్యం కలదు.
* నిశ్శబ్దంగా ఉండే చోటును, విరామాన్ని కల్పించడం.
* హాని లేని స్టిమ్మింగ్‌ను ఆపకుండా ఉండడం.
* మెల్ట్‌డౌన్ సమయంలో ప్రశ్నలు, హితబోధ మాని శబ్దాన్ని, వెలుతురును తగ్గించడం.

భారతదేశంలో

సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ (నేటి జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ) ఆటిజం నిర్ధారణకు 40 అంశాల భారతీయ మాపనిని రూపొందించింది. మార్పును అంగీకరించకపోవడం అందులో ఒక అంశం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంను గుర్తించి, విద్యాసంస్థలు విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన వెసులుబాటు కల్పించాలని నిర్దేశించింది. బొమ్మల పట్టిక, నిశ్శబ్దమైన గది ఆ వెసులుబాటులో భాగమే కాగలవు.

ఇవి కూడా చూడండి

* ఆటిజం
* మానసిక ఒత్తిడి
* లియో కానర్